రెండు ఒడ్ల వైన్

నజ్జరేనో నలభై ఏళ్ళు మోంతెకరోత్తో చుట్టుపక్కల భూములు కొలిచాడు. ఏ గట్టు ఎవరిదో, ఏ తోట ఏ వాలున ఎన్ని అడుగులు దిగుతుందో కాగితం చూడకుండా చెప్పగలడు. తన భోజనాల బల్ల మీదికి వైన్ ఎక్కడి నుంచి వచ్చేదో మాత్రం ఆయనకు తెలియదు. అది భార్య డెర్నా పని. ఏటా మార్చిలో, చంద్రుడు తరిగే రోజుల్లో, బుట్ట అల్లిన పెద్ద గాజు సీసాలు మూడు కారులో వేసుకుని ఒక్కతే వెళ్ళేది. రెండు రోజులకు తిరిగొచ్చేది. తర్వాత నలభై రోజుల పాటు ఎవరినీ వాటి జోలికి పోనిచ్చేది కాదు.

ఆమె పోయి రెండేళ్ళయింది. చివరిసారి నింపినదాన్ని ఆయన వారానికి ఒక చిన్న సీసా చొప్పున, తర్వాత నెలకొకటి చొప్పున పొదుపుగా తాగుతూ వచ్చాడు. క్రిస్మస్ రోజున ఆఖరిది అయిపోయింది. మర్నాడు కొట్టులోంచి మామూలు వైన్ తెచ్చుకుని ఒక గుక్క తాగి గ్లాసు పక్కన పెట్టేశాడు. అదీ మంచిదే. కానీ ఎదురు కుర్చీ అంత ఖాళీగా ఉందని ఆ రోజే మొదటిసారి తెలిసినట్టయింది.

ఆమె ఫోటోలున్నాయి, ఉత్తరాలున్నాయి. ఉన్ని కోటు ఇంకా చిలక్కొయ్యకే ఉంది. అవేవీ ఆమెను తిరిగి బల్ల దగ్గరికి తేలేకపోయాయి. ఆ వైన్ తెచ్చేది. మొదట పచ్చి ఆపిల్ వాసన, ఆపైన నాలుకకు కాస్త ఉప్పగా తగిలే పులుపు, మింగాక బాదం తొక్కలాంటి చిరుచేదు. అంతా అయిపోయిందనుకున్నాక, ఎవరో వెనక నుంచి భుజం మీద చెయ్యి వేసినట్టు, మెల్లగా ఒక వెచ్చదనం. ఇంకొక్క ఏడాది అది దొరికితే చాలనుకున్నాడు.

మార్చి వచ్చింది. ఖాళీ పెద్ద సీసా ఒకటి పాత పాండా కారు వెనక సీట్లో పెట్టుకుని బయల్దేరాడు. రోజుకో ఊరు. కొండ మీద ఊరు, ఊరు చుట్టూ ఇటుక గోడ, గోడ కింద తోటలు, తోటల మధ్య విడి వైన్ అమ్మే కొట్లు. పెట్రోలు బంకులోలాగా గొట్టంతో పోస్తారు. ప్రతిచోటా ఒక చిన్న గ్లాసు అడిగి తీసుకుని, కళ్ళు మూసుకుని తాగి, దణ్ణం పెట్టి వచ్చేసేవాడు.

నాలుగో రోజు పొద్దున కాఫీ హోటల్లో క్వింటో ఆయన్ని పట్టుకున్నాడు. ఇద్దరూ బడి నాటి స్నేహితులు.

"ఏమోయ్, రోజూ గడ్డం గీసుకుని ఊళ్ళు పట్టుకు తిరుగుతున్నావట. ఎవర్ని చూసుకుంటున్నావ్?"

"వైన్ చూసుకుంటున్నా."

"మన వయసుకు అదే నయం. అడిగితే కాదనదు." క్వింటో నవ్వి, గొంతు తగ్గించాడు. "డెర్నా తెచ్చేదేనా?"

"అదే."

"అది మన ఒడ్డుదేరా. అందులో అనుమానమేముంది? ఏటికి అవతల దిక్కు అలాంటిది పుడుతుందా? సెర్రాలో అడిగావా?"

సెర్రా దె కోంతిలో అడగలేదు. ఆ మధ్యాహ్నమే వెళ్ళాడు. ఊరి కింద, మలుపులో, యోలె అనే ఆవిడ కొట్టు. ఆవిడకు అరవై దాటాయి, చేతులు నీళ్ళలో నాని ఎర్రగా ఉన్నాయి. గ్లాసు ఇచ్చి, ఆయన మొహంకేసి చూస్తూ నిలబడింది.

ఆపిల్ ఉంది. ఉప్పు ఉంది. బాదం చేదు ఉంది. నజ్జరేనో ఊపిరి బిగబట్టి ఆ తర్వాతిదాని కోసం ఎదురుచూశాడు. అది రాలేదు.

"చాలా దగ్గరికొచ్చింది," అన్నాడు, గ్లాసు వదలకుండా.

"దేనికి దగ్గర?"

చెప్పాడు. భార్య పేరు చెప్పగానే యోలె చేతులు తుడుచుకోవడం ఆపింది.

"డెర్నా భర్తా మీరు? అయ్యో, పోయిందా ఆవిడ. రెండేళ్ళుగా రాకపోతే నామీద కోపమొచ్చిందేమో అనుకున్నా." ఒక పీట లాగి ఆయన్ని కూర్చోబెట్టింది. "మా అమ్మ నాటి నుంచీ వచ్చేది, నా చేతి మీదుగానే ఇరవై ఏళ్ళు. మూడు సీసాలు దింపేది. రెండు నింపమనేది. మూడోది ఖాళీగానే మళ్ళీ కారెక్కించేది. ఏమ్మా, అదేం పాపం చేసిందంటే, దాన్ని ఏటి అవతల నింపుకుంటాను, మా ఆయనకు చెప్పకు అని నవ్వేది. చెప్పకూడదు కదా, చెప్పేశాను చూడండి."

నజ్జరేనో తన పెద్ద సీసా నిండా పోయించుకున్నాడు.

ఏటి అవతల అంటే స్తాఫోలో. స్తాఫోలో అంటే డెర్నా పుట్టింటి ఊరు. పెళ్ళి భోజనాల నాడు ఆయన అక్కడ మామగారి వైన్ ఒక గుక్క తాగి, "ఇది బండి ఇరుసుకు పూస్తే బాగుంటుంది" అన్నాడు. ఇరవై ఏడేళ్ళ కుర్రతనం, ఒడ్డు పౌరుషం. తన వాళ్ళు నవ్వారు. మామగారు గ్లాసు తీసేసుకుని లోపలికి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత నలభై ఆరేళ్ళలో నజ్జరేనో ఆ ఇంట్లో కూర్చుని తాగింది లేదు. క్షమించమని అడగడానికి మొదటి ఏడాది సిగ్గేసింది. తర్వాత అదే అలవాటైంది. డెర్నా ఆ సంగతి ఒక్కసారి కూడా ఎత్తి పొడవలేదు. ఆయనకు తెలియకుండా ఆ ఇంటి వైన్ ఏటా తెచ్చి ఆయన గ్లాసులో పోసి, "ఎలా ఉంది?" అని అడిగేది. "మన ఒడ్డుది మన ఒడ్డుదే" అని ఆయన అనేవాడు. ఆమె తల ఊపి పళ్ళేలు తీసేది.

మోయే ఊరి దగ్గర ఏటి వంతెన దాటేటప్పుడు ఆయనకు చెవులు వేడెక్కాయి. ఆ వెనకే చిన్నగా నవ్వొచ్చింది, డెర్నా మీద.

వదిన ఎర్సీలియా, డెర్నా అక్క, గుమ్మంలోనే ఉంది. ద్రాక్ష తీగలు కట్టడానికి నానబెట్టిన విల్లో పుల్లల్ని కత్తితో చీలుస్తోంది. ఎనభైకి దగ్గర పడింది. ఈ ఇంట్లో ఇప్పుడు ఆవిడ ఒక్కతే.

"దారి తప్పావా మరిదీ? సర్వేయర్లు తప్పరంటారే."

"తప్పలేదు వదినా. మీతో పనుండి వచ్చాను."

"దిగుతావా, కారులోనే ఉంటావా? చెల్లెలితో వచ్చినప్పుడల్లా ఆ గోడ పక్కన కాపలా పోలీసులాగా కూర్చునేవాడివి."

దిగాడు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక పెద్ద సీసా చూపించాడు. "ఇది యోలె దగ్గరిది. ఇందులో కలిసే రెండోది మీ దగ్గరిదని ఇవాళే తెలిసింది."

ఎర్సీలియా కత్తి ఒళ్ళో పెట్టుకుంది. "ఇవాళా? నలభై ఆరేళ్ళు తాగావు కదయ్యా."

"తాగాను."

"ఇరుసుకు పూసేదాన్ని."

"అదే."

ఆవిడ భుజాలు కదిలాయి. నవ్వుతోందో ఏడుస్తోందో మొదట ఆయనకు తెలియలేదు. రెండూ కాస్త కాస్త. "రా," అంది. "వంగి రా, ద్వారం చిన్నది. మీ ఒడ్డు తలలు తగులుతాయి."

నేలమాళిగలో చల్లగా, రాయి వాసనగా ఉంది. చెక్క తొట్టి ఒకటి గోడకు బోర్లించి ఉంది. అక్కాచెల్లెళ్ళు ఏటా ఈ రెండు వైన్లూ ఇందులోనే కలిపేవారని చెప్పింది. కలిపి రెండిళ్ళకూ పంచుకునేవారు. రెండేళ్ళుగా తానూ ఉత్తది తాగుతోంది.

"ఎంతకెంత కలిపేవారు?" నజ్జరేనో జేబులోంచి చిన్న పుస్తకం, పెన్సిలు తీశాడు.

"పెట్టెయ్ అవి. లెక్కేమీ లేదు. ఆ ఏడు ఎండెంత, వానెంత అన్నదాన్ని బట్టి. చెల్లెలు రుచి చూసి ఇంకా అనేది, చాలు అనేది. నేను పోసేదాన్ని. నాకు మందులు మొదలయ్యాక నాలుక చచ్చింది, నీళ్ళకూ దీనికీ తేడా తెలియదు. ఇప్పుడు చెప్పాల్సింది నువ్వే."

ఆయన భయపడ్డాడు. దూరం చెప్పమంటే చెప్పగలడు, కోణం చెప్పమంటే చెప్పగలడు. ఇది ఆమె నోటితో చెప్పిన మాట. దాన్ని తన నోటితో చెప్పాలి. పుస్తకం జేబులో పెట్టుకుని తొట్టి తిరగేశాడు. ఇద్దరూ కలిసి దాన్ని కడిగారు.

ముందు యోలె వైన్ పోశారు. ఎర్సీలియా పీపాలోంచి ముదురు రంగుది చెంబుతో రెండుసార్లు పోసింది. నజ్జరేనో తాగి చూశాడు. లేదు. ఇంకో చెంబు. లేదు.

"మా ఒడ్డుది ఎక్కువైపోతుందేమో," అంది ఆవిడ, చెంబు పట్టుకుని. "నీకు పడదు."

"ఇంకా పొయ్యండి వదినా."

ఆవిడ ఆయన వంక చూసి పోసింది. ఆయన మళ్ళీ తాగాడు. "ఇంకా," అన్నాడు. తర్వాత ఇంకొక్క సగం. ఆ మాట ఆయన డెర్నాలాగే, పెదవులు తడిగా, తల కొంచెం పక్కకు వంచి అన్నాడో ఏమో, ఎర్సీలియా చెంబు దించి ఏప్రను కొసతో కళ్ళు తుడుచుకుంది.

"చాలు," అన్నాడు.

"అదేనా?"

ఆయన గ్లాసును కిటికీ వెలుగుకు పెట్టి చూశాడు. ఆపిల్ చెదిరిపోయింది, చేదు ముందుకొచ్చింది. ఆ వెచ్చదనం ఉందా అంటే ఉంది, కానీ తలుపు అవతల ఉన్నట్టు.

"తెలియదు వదినా."

"ఇప్పుడెలా తెలుస్తుంది? కలిపిన వెంటనే రెండూ కొట్టుకుంటాయి. నలభై రోజులు ఆగాలి." వేళ్ళ మీద లెక్కపెట్టింది. "ఏప్రిల్ చివరి ఆదివారం. కుందేలును సోంపాకు పెట్టి వండుతాను. కారులో కాదు, బల్ల దగ్గర కూర్చోవాలి."

"కూర్చుంటాను. అప్పటికి అది కాకపోతే?"

"కాకపోతే మళ్ళీ ఏడాది ఇంకోలా పోద్దాం. నాకేం తొందర, మా ఇంట్లో అందరూ తొంభై దాటే పోయారు." అని ఆగింది. "అందరూ కాదులే."

ఆయనది ఒకటి, ఎర్సీలియాది ఒకటి, పెద్ద సీసాలు రెండూ నింపి, చల్లని మూలలో పెట్టి, మీద గోనె కప్పారు. తెరవాల్సింది ఎలాగూ ఈ ఇంటి బల్ల దగ్గరే కాబట్టి ఆయనదీ అక్కడే ఉండిపోయింది.

పైకొచ్చేసరికి సాయంత్రపు ఎండ వాలింది. ఎర్సీలియా వంటింటి తలుపు తీసి బయటి వసారాలోకి నడిచింది. లోయ అడుగున ఏరు, దానికి అవతల కొండ, కొండ మీద తేనె రంగులో ఒక ఊరు. ఆయన కాసేపటికి గాని గుర్తుపట్టలేదు. అది మోంతెకరోత్తో. దాన్ని ఎన్నో వైపుల నుంచి కొలిచాడు. ఇక్కడ నిలబడి మాత్రం ఎన్నడూ చూడలేదు.

"తొట్టి కడిగాక చెల్లెలు ఇక్కడే నిలబడేది," అంది ఎర్సీలియా. "పిలిచినా వచ్చేది కాదు."

"ఏం చూసేది?"

"ఏముంది, వాన పడేలా ఉందే, మా ఆయన దండెం మీద బట్టలు తీశాడో లేదో అనేది. ఇంత దూరానికి బట్టలు కనబడతాయిటే పిచ్చిదానా అంటే, తీసి ఉండడు, నాకు తెలుసు అనేది."

నజ్జరేనో కళ్ళు చిట్లించి చూశాడు. ఇళ్ళు కనబడ్డాయి, గోడ కనబడింది, గంట స్తంభం కనబడింది. బట్టలు కనబడే దూరం కాదది.

"ఎప్పుడూ తీసేవాణ్ణి కాదు," అన్నాడు, ఇంకా అటే చూస్తూ.