ఛాతీ మీద అక్షరాలు

పరుగు పందెం ముగిసి ఇంకా కాళ్ళ నొప్పులైనా తగ్గి ఉండవు, ఫొటోగ్రాఫర్ కొట్టు ముందు అప్పుడే ఒక మనిషి వచ్చి నిలబడింది. షట్టరు సగం ఎత్తేసరికి కింద సందులోంచి అరిగిపోయిన రబ్బరు చెప్పులు కనబడ్డాయి. వాటిని చూడగానే అతనికి ఒళ్ళు మండింది. "మొదలైంది" అనుకున్నాడు.

ప్రతి పందెం తర్వాతా ఇదే తంతు. పొట్ట కనబడుతోంది తీసెయ్యండని ఒకడు, నోరు తెరుచుకుని ఉన్నాను తీసెయ్యండని ఇంకొకడు. పరిగెత్తేటప్పుడు ఎవడి మొహమైనా అలాగే ఏడుస్తుంది. అందంగా రావాలంటే కుర్చీలో కూర్చోవాలి గాని రోడ్డెక్కడం ఎందుకు? పైగా తీసెయ్యమన్న ప్రతివాడూ అంతకుముందే ఆ ఫొటోని ఫోన్లోకి దించుకుని, మూలనున్న పేరు కత్తిరించి, స్నేహితులందరికీ పంచిపెట్టి ఉంటాడు. అందుకే అతను పేరుని మూల వెయ్యడం మానేశాడు. అమ్మకానికి నెట్లో పెట్టిన ప్రతి ఫొటోలోనూ సరిగ్గా ఛాతీ మీద, అడ్డంగా, లావు అక్షరాలతో పేరు వేస్తాడు. డబ్బు కడితేనే ఆ ముద్ర పోతుంది. "కత్తిరించుకోమను, గుండెకాయతో సహా కోసుకుంటాడా చూస్తాను" అంటాడు. ఊరు ఊరుకుంటుందా? అతనికి 'స్టాంపు బాబాయి' అని పేరు పెట్టింది.

ఈసారి అతని మెడ ఇంకొంచెం నిటారుగా ఉంది. పందెం పెట్టినవాళ్ళు ఫొటోల హక్కంతా ఒక పెద్ద స్టూడియోకి అమ్మేసుకున్నారు. పందెం రోజు పొద్దున విజిల్ మెళ్ళో వేసుకున్న కుర్రాడొకడు వచ్చి, "నువ్విక్కడ తియ్యకూడదు, తీసినా అమ్మకూడదు" అన్నాడు. "పందెం తాడు లోపల మీది, కాదనను. తాడు బయట రోడ్డు. రోడ్డుకి నువ్వేమైనా మొగుడివా?" అని ఇతను గట్టిగా అరిచాడు. పోలీసు వచ్చి ఇటూ అటూ చూసి, "ఆయన తాడు బయటే ఉన్నాడు కదయ్యా, నీకేం పోయింది?" అన్నాడు. బతుకంతా ఎవరో ఒకరు పక్కకి జరగమంటూనే వచ్చారు. జరగనక్కర్లేదని ఒక మనిషి అనడం అదే మొదలు. ఆ మాట అతను కనబడినవాడికల్లా చెబుతూనే ఉన్నాడు.

షట్టరు పూర్తిగా ఎత్తాడు. ముప్ఫై దాటిన మనిషి. లాండ్రీలో వేసుకునే నీలం కోటు, నీళ్ళలో నాని ముడతలు పడ్డ వేళ్ళు. దగ్గరికొస్తే సబ్బు వాసన.

"అన్నా, ఒక ఫొటో తీసెయ్యాలి."

"పెట్టింది తీసెయ్యడానికి కాదమ్మా."

"ఇదుగో ఇది. వెనకాల ఉన్నది నేనే." ఫోను చూపించింది. లాండ్రీవాళ్ళు గుంపుగా, అందరూ ఒకే పసుపు చొక్కాల్లో. అందరికంటే వెనక తల పక్కకి తిప్పుకుని ఈమె. చొక్కా మీద ఏముందో కనబడకుండా అడ్డంగా అతని పేరు.

"బాగానే వచ్చావుగా, ఏం రోగం?"

"బాగుందో లేదో కాదన్నా. నేనుండకూడదు."

"నడిరోడ్డు మీద పరిగెత్తావు. ఊరంతా చూసింది. నేను చూస్తే తప్పొచ్చిందా?"

"ఊరు చూసి మర్చిపోతుందన్నా. మీరు మర్చిపోనివ్వట్లేదు." ఆమె వెనక్కి తిరిగి వీధి చూసుకుంది. "నేను రానన్నాను. అందరూ వెళ్ళాల్సిందేనన్నారు, చొక్కాలు కుట్టించారు. చివర్లో పరిగెడితే ఎవరు తీస్తార్లే అనుకున్నాను."

"అక్కడే పొరపాటు పడ్డావు. ముందొచ్చినవాడికి కప్పు ఇస్తారు, వాడు ఫొటో ఎందుకు కొంటాడు? కొనేదంతా వెనకాలవాళ్ళే."

అతను తన మాటకి తనే నవ్వుకున్నాడు. ఆమె నవ్వలేదు. లోపలికి ఒక అడుగు వేసి గొంతు తగ్గించింది.

"ఒక మనిషి దగ్గర్నుంచి వచ్చేశానన్నా. నేనీ ఊళ్ళో ఉన్నట్టు అతనికి తెలీదు. తెలియకూడదు."

అప్పుడు చూశాడు ఆమె చెవి వైపు. తమ్మె కింద చీలి, మళ్ళీ అతుక్కున్న గీత. ఎక్కడో చూశానే అనుకున్నాడు. అనుకున్న మరుక్షణం గుర్తొచ్చింది. నిన్న కాక మొన్న కంప్యూటర్ ముందు కూర్చుని, ఆ గీత బాలేదని, ఎవరూ అడక్కపోయినా తనే చెరిపేశాడు. కొన్నవాళ్ళు సంతోషిస్తారు కదా అని.

వెళ్ళి కంప్యూటర్లో ఫొటో తీసేశాడు. తీసేసినట్టు ఆమె ఫోన్లోనే చూపించాడు.

"ఎవరైనా కొన్నారా అన్నా?"

"ఎవరు కొంటారమ్మా! ఈ ఊళ్ళో డబ్బిచ్చి ఫొటో కొనే మొహాలు ఎక్కడున్నాయి?"

ఆమె ఊపిరి వదిలింది. భుజాలు కిందికి దిగాయి. "మీ మేలు మర్చిపోను" అని చెప్పి, వీధి చివర ఆగి ఉన్న లాండ్రీ వ్యాను వైపు గబగబా నడిచింది.

అతను స్టూలు మీద కూలబడ్డాడు. ఫొటోలు కొనేవాళ్ళందరూ ఛాతీ మీది నంబరు చెప్పి అడుగుతారు. ఎవడి నంబరు వాడికి తెలుస్తుంది కదా. ఈ ఫొటో కొన్నవాడు ఒక్కడే నంబరు చెప్పలేదు. "వెనక తల తిప్పుకుని ఉన్నావిడ" అని ఫోన్లో రాసి పంపాడు. "పెద్ద సైజు కావాలి. చొక్కా మీది అక్షరాలు స్పష్టంగా రావాలి" అన్నాడు. బేరమైనా ఆడలేదు. అప్పుడు ఇతను మురిసిపోయి భార్యతో, "చూడవే, పెళ్ళాం పరిగెత్తిందని పొంగిపోయేవాడు లోకంలో ఒక్కడైనా ఉన్నాడు" అన్నాడు. "చూసి నేర్చుకోండి" అందామె. ఆ అక్షరాలు కదిలిపోయి మసగ్గా వస్తే, కళ్ళు పొడుచుకుని ఒక్కొక్కటే పదును పెట్టాడు. లాండ్రీ పేరు. దాని కింద వీధి పేరు.

భార్య టిఫిన్ డబ్బాతో వచ్చింది. కౌంటరు పని ఆమెదే. అతని మొహం చూసి, "ఏమండీ, అలా ఉన్నారేం? ఆ స్టూడియోవాళ్ళు మళ్ళీ వచ్చారా?" అంది.

"ఆ లాండ్రీ ఫొటో ఎక్కడ పెట్టావు?"

"కవర్లో. సాయంత్రం వచ్చి తీసుకెళ్తానన్నాడు."

అతను సొరుగు లాగి కవరు చించి చూశాడు. ఫొటో ఉంది. భద్రంగా, నిగనిగలాడుతూ ఉంది. ప్రాణం లేచొచ్చింది. "హమ్మయ్య. వాడొస్తే ఇవ్వకు. పాడైపోయిందని చెప్పి డబ్బు మొహాన కొట్టు."

"పాడైందంటే ఎలా నమ్ముతాడండీ? ఫోన్ కాపీ పంపించాను కదా."

"ఏం కాపీ?"

"అందరికీ పంపే కాపీయే. డబ్బు పడగానే ఫోనుకి పంపాలని మీరే కదా పద్ధతి పెట్టారు? నిన్న పొద్దున్నే పంపాను. చూసుకున్నాడు కూడా. బొటనవేలు బొమ్మ పెట్టాడు."

అతను సంగతి చెప్పాడు. ముక్కలు ముక్కలుగా, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక చివర్నుంచి చెప్పాడు. ఆమె డబ్బా కింద పెట్టేసింది.

"ఆవిడకి చెప్పారా?"

"లేదు."

"మరి?"

"ఎవరూ కొనలేదన్నాను."

ఆమె చించిన కవరు ముక్కలు ఏరి పక్కన పెట్టింది. తిట్టి ఉంటే బాగుండేది. అతనే అందుకున్నాడు. "నాదేం తప్పే? రోడ్డు మీద తీశాను. ఎవరింట్లోనైనా దూరానా? కొనేవాడి మనసులో ఏముందో నాకెలా తెలుస్తుంది? పోలీసే అన్నాడు..."

"పోలీసు అన్నది తాడు గురించండీ. లేవండి, వెళ్ళండి."

"ఫోన్ చేద్దామంటే..."

"ఆవిడ నంబరు అడిగారా? లేదు కదా. ఎక్కడుంటుందో మాత్రం మనకి తెలుసు. చొక్కా మీదే ఉంది."

కెమెరా సంచి భుజాన వేసుకున్నది అలవాటు కొద్దీ. వీధిలో పడ్డాడు. నడుస్తున్నాడో పరిగెడుతున్నాడో తనకే తెలియదు. ఎదురొచ్చిన ప్రతి మగవాణ్ణీ ఎగాదిగా చూశాడు. కొన్నవాడి మొహం తను చూడలేదు. బేరం ఆడని మనిషి మొహం ఎలా ఉంటుంది? సైకిలు తొక్కేవాడు, తాళాలు బాగుచేసేవాడు, చెవిలో ఫోను పెట్టుకుని నవ్వుతున్నవాడు, అందరూ ఒకేలా ఉన్నారు. అందరూ మంచివాళ్ళలాగే ఉన్నారు. దానికే భయం వేసింది.

లాండ్రీకి ముందంతా అద్దాలు. లోపల ఆవిరి, తిరిగే యంత్రాల హోరు, మడతపెట్టిన హోటలు దుప్పట్ల గుట్టలు. ఇస్త్రీ బల్ల దగ్గర జుట్టు నెరిసిన లావుపాటి మనిషి ఉంది. అక్కడివాళ్ళందరికీ ఆవిడ పెద్దక్క. ఆ నీలం కోటు మనిషి ఆవిడ వెనకే దుప్పట్లు మడుస్తోంది. అతన్ని చూడగానే ఆమె చేతిలోది అలాగే ఆగిపోయింది.

చెప్పేశాడు. ఈసారి ఏదీ దాచకుండా చెప్పాడు. అక్షరాలకి పదును పెట్టిన సంగతి కూడా.

ఆమె బట్టల మూట మీద కూర్చుంది. "పొద్దున ఎవరూ కొనలేదన్నారు."

"అన్నాను."

"తెలిసే అన్నారా?"

"తెలిసే."

"నోటితో బతికేవాడివని విన్నాను" అంది పెద్దక్క, ఇస్త్రీపెట్టె నిలబెట్టి. "ఊరందరితో రోడ్డు గురించి వాదిస్తావంట. ఈ ఒక్క ముక్క మాత్రం నోట్లోంచి రాలేదా నాయనా?"

అతను భుజం మీంచి జారుతున్న కెమెరా సంచి సర్దుకున్నాడు.

"అక్కా, లోపలికి రాడు" అంది ఆమె. గొంతు చిత్రంగా ప్రశాంతంగా ఉంది. "గొడవ చెయ్యడు. నలుగురిలో చాలా మంచివాడు. నేను బయటికొచ్చేదాకా నిలబడతాడు, అంతే. పొద్దున వెనక సందులోంచి వ్యానులో వెళ్ళాను కాబట్టి సరిపోయింది. ఇప్పుడు ఎదురుగా ఉండే ఉంటాడు."

"చూద్దాం పద."

"నేను అద్దాల దగ్గరికి రాను."

పెద్దక్క అతని సంచి వైపు చూసింది. "దాంట్లో దూరం చూసే గొట్టం ఉందా?"

మేడమీద దుప్పట్లు ఆరేసే గది. వీధి వైపు గోడలో ఒక వెంటిలేటరు. తడి దుప్పట్ల మధ్యలోంచి వంగి వెళ్ళి, పొడుగు లెన్సు పెట్టి, ఇనప చువ్వల సందులోంచి చూశాడు. లెన్సులో మొహాలు ఊగాయి. గోడకి మోచెయ్యి ఆనించి కుదురు చేసుకున్నాడు. బస్టాపులో పేపరు చదివేవాడు. నొక్కాడు. వెనక్కి వచ్చి, దుప్పటి చాటున నిలబడ్డ ఆమెకి కెమెరా వెనక అద్దం చూపించాడు.

"కాదు."

మోటారు సైకిలుకి చేరగిలబడి వీధి వైపు చూస్తున్న ఎర్రచొక్కా. వీడే అయి ఉండాలి, చూపే బాలేదు.

"కాదన్నా."

మూసి ఉన్న మందుల కొట్టు అరుగు మీద ఒక పెద్దమనిషి. ఇస్త్రీ చొక్కా, నున్నగా దువ్విన తల. ఒక ముసలావిడ కాలవ దాటలేక నిలబడిపోతే, దిగి వచ్చి ఆవిడ సంచి అందుకుని, చెయ్యి పట్టుకుని దాటిస్తున్నాడు. ముసలావిడ ఏదో అంటోంది, దీవిస్తున్నట్టుంది. ఇతన్ని తియ్యడం దండగ అనుకున్నాడు. అయినా నొక్కాడు.

ఆమె చూసింది. కాదనలేదు. అవుననలేదు. కెమెరాని రెండు చేతులతో, కాలుతున్న గిన్నెని దించినట్టు దించి అతని చేతిలో పెట్టింది.

పెద్దక్కకి ఆ మాత్రం చాలు. "వ్యాను వెనక్కి తెమ్మనండ్రా" అని మెట్ల మీంచి కేకేసింది. అతని వైపు తిరిగి, "నువ్విక్కడే ఉండు. వాడు కదిలితే కేకెయ్యి" అంది.

అతను కన్ను లెన్సుకి అతికించాడు. కింద పరుగులు, మూటలు ఈడ్చిన చప్పుడు, ఎవరో ముక్కు చీదిన చప్పుడు. "కదిలాడా?" అని కింద నుంచి అరుపు. "లేదు!" ఆ మనిషి ఫోను తీసి చూసుకున్నాడు. ఫోన్లోంచి చూపు తిప్పి లాండ్రీ బోర్డుకేసి చూశాడు. మళ్ళీ ఫోను చూశాడు. "కదిలాడా?" "లేదు, లేదు!" ఒకసారి తలెత్తి వెంటిలేటరు వైపే చూశాడు. ఫొటోగ్రాఫర్ ఊపిరి బిగబట్టాడు. చెమట కంట్లోకి దిగి మండుతున్నా రెప్ప వెయ్యలేదు. ఆ చూపు పక్కకి జరిగింది. వెనక సందులో వ్యాను ఇంజను రొద పెరిగి, దూరమై, యంత్రాల హోరులో కలిసిపోయింది.

కిందికి దిగేసరికి అందరూ ఎవరి పని వాళ్ళు చేసుకుంటున్నారు. నీలం కోటు ఒకటి మేకుకి వేలాడుతోంది.

"ఎక్కడికి వెళ్ళింది?" అన్నాడు.

ఇస్త్రీపెట్టె ఆగింది. పెద్దక్క అతన్ని ఒకసారి పైనుంచి కిందికి చూసింది. కోపం కూడా లేదు ఆ చూపులో.

"నీకెందుకు చెబుతాం?"

అతను వెనక తలుపు వైపు కదలబోయాడు. దుప్పట్లు మడిచేవాళ్ళలో ఒకామె వచ్చి ఆ తలుపుకి అడ్డంగా నిలబడింది. దారి ముందు నుంచే. అద్దాల తలుపు తోసుకుని బయటికొచ్చాడు.

అవతలి అరుగు మీది మనిషి అతన్ని చూశాడు, భుజాన ఉన్న కెమెరా సంచిని చూశాడు. మొహం విప్పారింది. బళ్ళకి అటూ ఇటూ చూసుకుని, రోడ్డు దాటి, నవ్వుతూ నేరుగా ఇతని వైపే వస్తున్నాడు. ఆమె ఎక్కడని మర్యాదగా అడుగుతాడు, తప్పదు. అలా మర్యాదగా అడిగితే తను ఏం చెప్పేవాడో ఫొటోగ్రాఫర్‌కి తన మీద తనకే నమ్మకం లేదు. చెప్పడానికి తనకేమీ తెలియదు, అంతవరకు నయం. ఆ ఒక్కటే మనసులో పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు.