నలభై ఐదు చుట్ల సంగీతం

వినకుండానే మెచ్చుకునే హక్కు వీళ్లకెవరిచ్చారు?

సంగీతకర్త లోలోపల అనుకున్న మాట అది. మూడేళ్లపాటు సింథసైజర్ ముందు కూర్చుని, ఎవరూ తీయని సినిమా ఒకటి కళ్లముందు కదిలేలా, మాటల్లేకుండా ఆమె కూర్చిన సంగీతమది. దాని వినైల్ రికార్డులు ఫ్యాక్టరీ నుంచి ఆ ఉదయమే వచ్చాయి. వచ్చే నెల విడుదల. రికార్డు కంపెనీ యజమాని గదిలో ఒకటి తిరుగుతోంది. అందులోంచి తనది కానట్టున్న సంగీతమేదో, కాళ్లకు బండరాళ్లు కట్టుకున్నట్టు ఈడ్చుకుంటూ వస్తోంది.

"అబ్బ, ఏం గాంభీర్యమండీ! గుహలో కూర్చున్నట్టుంది," అన్నాడు యజమాని కళ్లు మూసుకుని.

"గుహ కాదు సార్, సముద్రం అడుగు," అన్నాడు పత్రికలో సమీక్షలు రాసే పెద్దమనిషి. ఆయన కళ్లు తెరిచే ఉన్నాయి, ఫోన్ మీద.

రికార్డు మీద సంగీతపు గాడి చెక్కడంలోనే తప్పు జరిగితే మూడువందల రికార్డులూ చెత్తబుట్టకే. రెండోసారి వేసే ప్రసక్తే లేదని యజమాని ముందే తెగేసి చెప్పాడు.

తోడు వచ్చిన చెల్లెలు ఉన్నట్టుండి తలెత్తింది. ఆ సంగీతం అడుగున టకటకలాడేది వాళ్లమ్మ కుట్టుమిషన్. అమ్మ బతికున్న రోజుల్లో అక్క పట్టి దాచుకున్న చప్పుడు.

"అక్కా, అమ్మ ఇంత బద్ధకంగా ఎప్పుడు తొక్కిందే? ఈ లెక్కన నా బడి గౌను నా మనవరాలికి అందేది!"

సంగీతకర్త దిగ్గున లేచి ప్లేయర్ దగ్గరికి వెళ్లింది. రికార్డు మధ్యనున్న కాగితం మీద నిమిషానికి ముప్పైమూడు చుట్లని అచ్చయి ఉంది. సన్నని ధ్వనులు చెదరకూడదని పట్టుబట్టి తాను చెక్కించింది నలభై ఐదుకి. వేగం మార్చే మీట నొక్కింది.

కుట్టుమిషన్ పరుగందుకుంది. దాని మీదుగా స్వరాలు, మంచు విడిపోయినట్టు, ఒక్కొక్కటే తేటపడ్డాయి. గాడి చెక్కుచెదరలేదు, తప్పింది కాగితం మీది అంకె ఒక్కటే. ఆమె హమ్మయ్య అనుకుంటూ అక్కడే ఉన్న స్టూలు మీద కూలబడింది.

"ఇదీ బాగానే ఉందండీ," అన్నాడు సమీక్షకుడు.

"ఉన్నది ఇదేనండీ," అందామె. "ఇందాక మీరు మెచ్చుకున్నది అచ్చుతప్పుని."

చెల్లెలు నవ్వాపుకోలేక గోడవైపు తిరిగింది. రికార్డుల పై అట్టలు ఇంకా అచ్చుకు పోలేదు గనుక, వాటి మీద సరైన వేగం పెద్ద అక్షరాల్లో వేయించమని చెప్పేందుకు యజమాని ఫోనందుకున్నాడు.

ఇక మీరు. ఆ రికార్డు మీ చేతికొస్తే మధ్యనున్న కాగితాన్ని నమ్మకండి. నలభై ఐదు మీద పెట్టండి. చివరిదాకా వినండి. ఆ తర్వాతే నోరు విప్పండి.