వచ్చి పోయిన రంగు

చిన్నరాములు గాజు గొట్టాన్ని ట్యాంకు నీళ్లతోనే కడిగి, గీత దాకా నింపి, చిన్న బిళ్ల వేసి మూత బిగించాడు. ఇంద్రేశం ఊరి మీద పొద్దు అప్పుడే ఎక్కుతోంది. నీళ్లలో క్లోరిన్ ఉంటే గులాబీ రంగు తిరగాలి. తిరిగింది కూడా. రెప్పపాటులో మాయమై మళ్లీ రంగులేని నీళ్లే మిగిలాయి.

"రాత్రి గూడ రంగు రాలే అన్నా. అందుకే క్లోరిన్ మందు పెంచిన," అన్నాడు డ్యూటీ దిగుతున్న యాదగిరి. "ఇంకింత పెంచాల్నా?"

"ఆగు తమ్మీ. రాకపోవుడు కాదు, వచ్చి పోయింది. సూడలే?"

నీళ్లను ఊరికే చూసి వదలడం చిన్నరాములుకు చేతకాదు. అతను వయసులో ఉండగా, తేటగా కనబడే తమ పొలం బావి నీళ్లకు మూతి ఆనించి, బర్రె తాగకుండా వెనక్కి తిరిగింది. తరవాత ఆ పొలం ప్లాట్లయింది, బావి పూడింది. బర్రె ఏం కనిపెట్టిందో మాత్రం అతనికి తెలియలేదు. అది తేల్చుకోవాలనే ఫ్యాక్టరీ పని మాని ఈ ట్యాంకు దగ్గర చేరాడు. "పెండ్లిల గూడ గ్లాసెత్తి సూస్తవేందయ్యా!" అని భార్య సోమమ్మ నవ్వుతుంది.

ఇంకో గొట్టంలో బ్యాటరీకి పోసే శుద్ధమైన నీళ్లు నింపి, ట్యాంకు నీళ్లు కొన్ని చుక్కలే కలిపి, బిళ్ల వేశాడు. ముదురు గులాబీ. ఈసారి రంగు కదలలేదు.

"మందు లేక గాదుర! మందు మస్తయి రంగునే తింటుంది."

యాదగిరి ఊళ్లోకి నీళ్లు వదిలే వాల్వ్ వైపు తిరిగాడు. "ఎవలన్న తాగితే?"

"వాల్వ్ ఇప్పలే గదా. పరేషాన్ గాకు."

యాదగిరి ఇంటికి పోకుండా ఆగాడు. ఇద్దరూ మందు ఆపి, సగం ట్యాంకు నీళ్లు మురుగుకాలవలోకి వదిలేసి, కొత్త నీళ్లు ఎక్కించారు. బిందెతో వచ్చిన సంగమ్మ మండిపడింది. "నీళ్లు మోరీల పోస్తరు, మాకియ్యరు! ఏంది రాములూ?"

"గివి తాగితే గొంతు మండుతది అత్తా. జెర కూసో."

మధ్యాహ్నానికి లేత రంగు వచ్చి నిలిచింది. గొట్టం ఆమెకు చూపించాడు.

"నా మనుమరాలి రిబ్బను లెక్కుంది," అందామె, కోపం మరిచి.

చిన్నరాములు నవ్వుతూ వాల్వ్ తిప్పాడు. "నడుం వాలుస్త తమ్మీ," అంటూ మెట్ల కింది నీడలో ఒరిగాడు. ఊళ్లో నల్లాలు నీళ్లతో మోగాయి. చాయ్ తెచ్చిన యాదగిరి పిలిచాడు, మెల్లగా తట్టాడు, భుజం పట్టి ఊపాడు. చిన్నరాములు లేవలేదు. ఊపిరి ఆగిపోయింది.

సోమమ్మ ఆటోలో వచ్చి, తల ఒళ్లో పెట్టుకుని ఇంటికి తీసుకుపోయింది. సాయంత్రానికి ట్యాంకు కింద అతని మోపెడ్ ఒక్కటే ఉంది. హ్యాండిల్‌కు, పొద్దున దారిలో కొన్న లేత బెండకాయల సంచి.