పోతగదికి కిటికీ

మాది గంటలు పోసేవాళ్ళ వీధి. పశువుల మెడలో కట్టే చిట్టి గంటల దగ్గర్నుంచి బడిలో కొట్టే పెద్ద గంట దాకా అన్నీ మా ఇళ్ళలోనే పుట్టేవి. మా అత్తగారి అత్తగారి నాటి నుంచీ ఇంతేనట. ఏ ఇంట్లోకి వెళ్ళినా కట్టుబడి ఒకటే. ముందు అరుగు, లోపల మైనం గది, దాని వెనక పోతగది. మైనం గది ఆడవాళ్ళది. మైనాన్ని వెచ్చచేసి పిసికి, సన్నటి తీగలు లాగి, గంట ఆకారంలో చుట్టి, పైన మట్టి పూసి అచ్చు చేసేది మేము. ఆ అచ్చుని కాలిస్తే లోపలి మైనం కరిగి కారిపోతుంది. ఆ ఖాళీలోకి కరిగిన కంచు పోసేది మగవాళ్ళు. అది పోతగదిలో.

పోతగదికి పెరట్లోకి ఒక తలుపు తప్ప కిటికీ అంటూ ఉండేది కాదు. కంచు ఎంత కాగిందో రంగును బట్టి పట్టుకోవాలి. ఆ రంగు చీకట్లో తప్ప తెలియదు. అందుకని పోత పోసేటప్పుడు తలుపు బిడాయించేవారు. గది కూడా ఇరుకు. కొలిమి ఒక పక్క, తిత్తి ఊదే మనిషి మూలన, నడుమ ఇసుకలో పాతిపెట్టిన అచ్చులు, పోసే మనిషి. ఇంకొకరు నిలబడ్డారంటే ఎవరి కాలో కాలాల్సిందే.

అందువల్ల ఏమైందంటే, నేను కాపురానికి వచ్చిన నాటి నుంచి మా ఆయన పోయేదాకా, ఆయన పోత పోస్తుండగా ఒక్కసారైనా చూడలేదు. వినేదాన్ని. గోడకి వీపు ఆనించి కూర్చుని మైనం తీగ లాగుతుంటే అవతల తిత్తి బుసలు కొడుతుండేది. ఉన్నట్టుండి ఆగిపోయేది. ఆగిందంటే పోస్తున్నారన్నమాట. అప్పుడు నా చేతిలో తీగ కూడా ఆగిపోయేది. కాసేపటికి తలుపు తెరుచుకునేది. ఆయన బయటికి వచ్చి చెంబెడు నీళ్ళు గటగటా తాగి, నన్ను చూసీ చూడనట్టు వెళ్ళి అరుగు మీద కూర్చునేవారు. ఎక్కడికో చాలా దూరం వెళ్ళొచ్చిన మనిషిలా ఉండేవారు. చెమట ఆరాక మళ్ళీ మామూలు మనిషై, "ఇవాళ కూరేమిటి?" అని అడిగేవారు.

ఆయన కోపం మొహం నాకు తెలుసు. జ్వరం మొహం తెలుసు. ఎవరూ చూడటం లేదనుకుని పిల్లల్ని ముద్దు చేసే మొహమూ తెలుసు. ఆ దూరాన ఉన్నప్పటి మొహం ఒక్కటే తెలియదు.

పెళ్ళయిన కొత్తలో ఒకసారి అడిగాను. "నేనూ ఓ మూల నిలబడతాను, కదలను, మెదలను" అన్నాను.

"నువ్వుంటే నేను కంచుని చూస్తానా, నిన్ను చూస్తానా?" అన్నారు.

నన్ను మురిపించడానికి అన్నారో, వదిలించుకోవడానికి అన్నారో ఇప్పటికీ తేల్చుకోలేను. అప్పటికి మాత్రం మురిసిపోయి ఊరుకున్నాను. నా తెలివి అలా ఏడిచింది.

ఆయన పోయిన మరుసటి ఏడు ఆ గాలివాన వచ్చింది. దాన్ని గురించి అందరూ చెప్పేదే నేనూ చెప్పడం ఎందుకు? కప్పులు ఎగిరాయి, రాత్రంతా నాని నాని తెల్లారేసరికి మట్టిగోడలు చతికిలబడ్డాయి. ఎండబెట్టిన అచ్చులన్నీ మళ్ళీ మట్టి అయిపోయాయి. మనుషులం మిగిలాం, అదే గొప్ప. నీళ్ళు తీశాక, తలదాచుకున్న చోటు నుంచి ఇంటికి వచ్చి చూద్దును కదా, పోతగదికి పైకప్పు లేదు, రెండు గోడలు లేవు. మసి పట్టిన నేల మీద ఫెళ్ళున ఎండ కాస్తోంది. చీపురు పట్టుకుని రోజూ వెళ్ళిన గదే. అయినా సరే, వెలుగులో నిలబడి, "ఇంతేనా? ఇంత చోటులోనే ఆయన అంత దూరం వెళ్ళేవారా?" అనుకున్నాను.

తర్వాత వీధిని బాగుచేయడానికి పెద్ద ఆఫీసు వాళ్ళు వచ్చారు. వాళ్ళలో ఒకమ్మాయి, మెడలో టేపు వేసుకుని పొద్దస్తమానం గోడలు కొలిచేది. కొలతలమ్మాయి అని పేరు పెట్టాం. మంచి పిల్ల. పాత వీధి కాబట్టి ఉన్నది ఉన్నట్టే మళ్ళీ కట్టాలట. మురుగు కాలువలు కొత్తవి వేస్తారు, కప్పులు ఎగరకుండా ఇనప కమ్మీలతో బిగిస్తారు, పునాది ఎత్తు చేస్తారు. గోడలూ గదులూ తలుపులూ మాత్రం వెనకటి లాగానే ఉండాలి. లేనిది పెట్టడానికి వాళ్ళకి హక్కు లేదట. ఉన్నదేమిటో చెప్పేవాళ్ళు కావాలి. వీధి వీధంతా ఏకమై నన్ను చూపించింది. ఎవరింటి అటక మీద ఏ బుట్ట ఉండేదో కూడా నాకు గుర్తని వాళ్ళ నమ్మకం. అబద్ధమూ కాదు.

మా ఇంటికి వచ్చినప్పుడు ఆ అమ్మాయి మైనం గది, పోతగది నడిమి గోడ జాడ మీద చెయ్యి పెట్టి, "ఇక్కడ ఏమైనా ఉండేదా అమ్మమ్మా? గూడు గానీ, అలమారు గానీ?" అని అడిగింది.

"కిటికీ ఉండేది" అన్నాను.

ఎలా అన్నానో నాకే తెలియదు. నోరు దానంతటదే అనేసింది. అన్నాక వెనక్కి తీసుకోబుద్ధి కాలేదు. "ఎంత పెద్దది?" అంది. రెండు చేతులూ చాచి చూపించాను. "ఎంత ఎత్తులో?" అంది. నేను రోజూ కూర్చునే చోట పీట వేసుకుని కూర్చుని, "ఇక్కణ్ణించి చూస్తే కనపడేటంత" అన్నాను.

అక్కడితో అయిపోతే బాగుండేది. ఆ అమ్మాయి ఎదురింటికి వెళ్ళి, "ఎదురింటివాళ్ళకి కిటికీ ఉండేదటగా, మీకూ ఉండేదా?" అని అడిగింది. ఎదురింటావిడ నాకంటే పెద్దది, చెవులు సరిగా వినపడవు. కిటికీ అన్న మాట మాత్రం బ్రహ్మాండంగా వినపడింది. "లేకపోవడమేమిటి, వాళ్ళకన్నా పెద్దది!" అంది. ఆ పక్కింటావిడ తమకి రెండు రెక్కలది ఉండేదంది. చివరింటి కోడలు కాపురానికొచ్చి నిండా ఏడాది కాలేదు, అది కూడా నీలం రంగు వేసి ఉండేదని చెప్పిందట! మగవాళ్ళు ఊళ్ళో కప్పుల సామాను మోస్తున్నారు కనుక సరిపోయింది.

కొలతలమ్మాయి సాయంత్రం నా దగ్గరకొచ్చి, అరుగు మీద పక్కనే కూర్చుంది.

"అమ్మమ్మా, పడిపోయిన గోడలన్నీ పెళ్ళ పెళ్ళా తిరగేశాను. కిటికీ చట్రం ముక్క ఒక్కటీ దొరకలేదు."

"గాలివాన ఎగరేసుకుపోయి ఉంటుందమ్మా."

"అన్ని ఇళ్ళవీనా?"

"అది మామూలు గాలివానా మరి?"

ఆ అమ్మాయి నవ్వలేదు. నా మొహంలోకి చూస్తూ, "కిటికీలోంచి ఏం చూసేవారు?" అని మెల్లగా అడిగింది. నేను అరుగు మీది మట్టి చెంగుతో దులిపాను. ఆ అమ్మాయి కాసేపు నా చెయ్యి పట్టుకుని కూర్చుని, లేచి వెళ్ళిపోయింది. ఇళ్ళు లేచాక చూస్తే ప్రతి పోతగదికీ కిటికీ ఉంది.

ఇక మా మరిది సంగతి. వెనక వాటాలో ఉంటాడు. మా ఆయన బతికున్నన్నాళ్ళూ తిత్తి ఊదింది అతనే. అన్న పోయాక తను పోతకి నిలబడి, కొడుకుని తిత్తి దగ్గర కూర్చోబెట్టాడు. కొత్త గదిలో అడుగు పెడుతూనే గోడ చూసి బిగుసుకుపోయాడు.

"వదినా, నేను పుట్టిన ఇల్లు ఇది. ఈ గోడకి కిటికీ ఎక్కడిది?"

"నువ్వు తిత్తి ఊదుతూ తలెత్తితే కదా తెలియడానికి!"

"పరాచికాలు తర్వాత. వెలుగొస్తే కంచు రంగు ఎలా తెలుస్తుంది? అచ్చులన్నీ పాడు చేసుకోమంటావా?"

కిటికీ రెక్కలు నా గది వైపున్నాయి కనుక, మొదటి పోత రోజున తన వైపు నుంచి దళసరి గోనెపట్టా కట్టేశాడు. నేను వెళ్ళి విప్పేశాను. మళ్ళీ కట్టాడు. మళ్ళీ విప్పాను. మా తోడికోడలు చెంగు అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది.

"నా గది తలుపులన్నీ మూసేసుకుంటాను. సందుల్లో గుడ్డలు కుక్కుతాను. అటెంత చీకటో ఇటూ అంతే చీకటి. అప్పుడు నీకేం అడ్డం?" అన్నాను.

"పట్టపగలు చీకట్లో కూర్చుని ఏం చేస్తావు?"

"చూస్తాను."

అతని చేతిలో గోనెపట్టా అలాగే ఉండిపోయింది. తోడికోడలు నవ్వడం మానేసింది.

"వదినా" అన్నాడు, ఈసారి గొంతు తగ్గించి. "అన్నయ్య ఎలా ఉండేవాడో చూద్దామనే కదా? నేను అన్నయ్యని కాదు. ఆయన చెయ్యి వణికేది కాదు. నాకు వణుకుతుంది. నాలో ఆయన్ని వెతికి, కనపడలేదని తర్వాత నువ్వు ఏడిస్తే నేను చూడలేను."

"ఏడవను."

"ఏడుస్తావు. నాకు తెలీదూ?"

"ఏడిస్తే ఏడిచాను. ఇన్నేళ్ళు గోడనే చూశాను, ఇక చాలు" అన్నాను.

ఏమనుకున్నాడో, పట్టా చుట్టి మూల పడేశాడు.

నేను వీధి తలుపు వేశాను. పెరటి తలుపు వేశాను. పాత చీరలు చింపి సందులన్నీ కుక్కాను. పీట మీద కూర్చున్నాను. నా చెయ్యి నాకే కనపడటం లేదు. కిటికీ కూడా కాసేపు కనపడలేదు. తిత్తి మొదలైంది. బొగ్గుల ఎరుపు అంచులు పైకి తేలినట్టు వచ్చి, చట్రం ఆకారం దొరికింది. తిత్తి బుసలు కొడుతూ కొడుతూ ఆగిపోయింది. ఇన్నాళ్ళూ ఇక్కడిదాకానే నాకు తెలుసు. ముందుకి వంగాను.

కిటికీ నిండా వీపు.

పోసే మనిషి నా గోడ వైపు వీపు పెట్టి నిలబడతాడు! కొలిమి అటు పక్కన ఉంది కదా, ఇంకెటు నిలబడతాడు? ఈ సంగతి నేనెప్పుడూ ఆలోచించలేదు, ఆయనా చెప్పలేదు. నేను ఇటు ఆనుకుని కూర్చుంటే, జానెడు గోడకి అవతల ఆయన నాకు వీపు ఆనించినట్టే నిలబడి ఉండేవారన్నమాట, ప్రతి పోతకీ.

మొహం లేదు. కంచు కూడా కనపడలేదు. పట్టుకారు పైకి లేచినట్టు తెలిసింది, ఎందుకంటే భుజాలు లేచాయి. అప్పుడు ఆ మనిషి చుట్టూ వెలుగు వచ్చింది. ఎరుపు అనలేను, పసుపు అనలేను. చెవుల అంచులు, మెడ మీది నెరిసిన వెంట్రుకలు, తడిసిన చొక్కా మడతలు వెలిగాయి. వెడల్పు భుజాలు, ఎడం భుజం కాస్త కిందికి. ఈ ఇంటి మగవాళ్ళందరికీ అంతే. మొహాలు వేరు గానీ, వెనక నుంచి చూస్తే అన్నా తమ్ముడూ తేడా లేదు. నా కళ్ళ ముందు నిలబడిందెవరో నాకు తెలుసు. తెలిసీ, చెయ్యి చాచాను. చట్రం దాటి చాచలేదు, అంత బుద్ధి ఉంది. వేడి మాత్రం వేళ్ళకి తగిలింది.

వెలుగు తగ్గుతూ వచ్చింది. భుజాలు దిగాయి. పెద్దగా ఊపిరి వదిలిన చప్పుడు వినపడింది. పోత అయిపోయింది. ఇక వెనక్కి తిరుగుతాడు. మెడ కొంచెం ఇటు కదిలింది.

నేను రెక్కలు రెండూ దగ్గరికి లాగి మూసేశాను.

"ఏం వదినా, అప్పుడే మూసేశావేం?" అని అటు నుంచి మరిది కేకేశాడు. "కనపడిందా లేదా?"

"పొగొస్తోంది నాయనా" అన్నాను. "నువ్వు వెళ్ళి నీళ్ళు తాగు."

అతను బయటికి వెళ్ళి అరుగు మీద కూర్చున్నట్టు వినపడింది. తోడికోడలు చెంబు తీసుకెళ్ళినట్టుంది. సందుల్లో కుక్కిన గుడ్డలు తీయాలి, తలుపులు తెరవాలి, రేపటికి మైనం తీగలు లాగాలి. లేవబుద్ధి కాలేదు. పీట గోడ దగ్గరికి జరుపుకుని, కిటికీ కింద వీపు ఆనించి ఇంకాసేపు ఆ చీకట్లోనే కూర్చున్నాను. గోడ వెచ్చగా ఉంది.