ఎడమచేతి వైపు

వీధిలో అందరికీ ఆయన కరెంటు మావయ్య. ఊళ్లో సగం ఇళ్లకు వైరింగు చేసిన మనిషి, తన వంటింటి పని మాత్రం రేపు, ఎల్లుండి అంటూ నెట్టుకొచ్చాడు. భార్యకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయాక గానీ ఆ రేపు రాలేదు.

ఆవిడకు మాట తిరిగొచ్చింది, నడకా వచ్చింది. ఇక తన వంట తానే చేసుకోవాలని ఒకటే పట్టుదల. అందుకే కరెంటు పొయ్యికీ ఓవెన్‌కీ విడివిడిగా ఐసొలేటర్ స్విచ్‌లు పెట్టాలనుకున్నాడు. అదొక్కటి ఆపితే ఆ వస్తువుకు కరెంటు పూర్తిగా తెగిపోతుంది. కంగారులో వేరే మీటలు వెతుక్కోనక్కర్లేదు.

కొట్లో ఆయన కొట్టాయన సహనానికి పరీక్షే పెట్టాడు. సన్నగా మెరిసేవి వద్దన్నాడు. కుడిచెయ్యి జేబులో పెట్టుకుని, ఎడమ బొటనవేలితో ఒక్కొక్కటీ నొక్కి చూశాడు. మీ చేతికేమైందని కొట్టాయన అడిగితే, "నా చేతికేం? ఇది మా ఆవిడ చెయ్యి" అన్నాడు. చివరికి మీట వెడల్పుగా ఉండి, వేస్తే ఎర్రదీపం వెలిగేవి తీసుకున్నాడు.

ఇంటికొచ్చి గోడ చెక్కాడు, వైర్ల పైపులు దించాడు, సిమెంటు పూశాడు. అంత ఆలోచించిన మనిషి, చేతికి పట్టిన అలవాటు కొద్దీ, రెండూ పొయ్యికి కుడివైపే బిగించాడు.

ఆవిడ వచ్చి చూసి, మీటల మీది సిమెంటు పొడి తుడిచింది. మర్నాడు పాలు పొంగబోతుంటే ఒళ్లంతా వంచి, గిన్నె మీదుగా ఎడమచెయ్యి చాపింది. మోచేతికి ఆవిరి కొట్టింది. గుమ్మంలో ఉన్న మావయ్య అది చూశాడు. ఒక్క అంగలో వచ్చి స్విచ్ ఆపేశాడు.

"చెప్పొచ్చు కదా?"

"అంత మురిసిపోతూ బిగించారు. మళ్లీ పగలగొట్టమనడానికి నోరు రాలేదు."

ఆయన స్టూలు మీద కూలబడ్డాడు. కొట్లో గుర్తున్న చెయ్యి గోడ దగ్గర మరిచిపోయానని చెప్పడానికి సిగ్గేసింది. అయినా చెప్పాడు. ఆవిడ నవ్వి, సుత్తి తెచ్చి అందించింది.

సాయంత్రానికి స్విచ్‌లు ఎడమవైపుకు మారాయి. ఆవిడే నొక్కింది, ఎర్రదీపం వెలిగింది. కుడివైపు స్విచ్ బాక్సులను మాత్రం ఆయన పూడ్చలేదు. లోపల పైపులు అలాగే ఉంచి, పైన ఖాళీ ప్లేట్లు బిగించాడు.

అవెందుకని ఆవిడ అడిగింది.

"ఉండనీ. ఆ చెయ్యి లేచిన రోజు మళ్లీ ఇటు మారుస్తా."

ఆ చెయ్యి గురించి డాక్టరు ఏమన్నాడో ఇద్దరికీ తెలుసు. ఆవిడ ఎడమచేత్తో తన కుడిచేతిని ఎత్తి, ఆ ఖాళీ ప్లేటు మీద ఆనించింది.

"ఎత్తు సరిపోయింది" అంది.