మొదటి పేజీ, మొదటి బేరం

మా నాయన దృష్టిలో నేను చేసేది వ్యాపారం కాదు. "సరుకు లేదు, షట్టర్ లేదు, గిరాకీ మొహం చూసేది లేదు. అది ఏమి వియాపారం కణ్ణూ?" అంటాడు. నేను అదే వ్యాపారంతో ఇంటి కరెంటు బిల్లు కడుతున్నానని చెప్పినా ఆయన తల అడ్డంగానే ఊపుతాడు.

కోయంబత్తూరులో టౌన్‌హాల్ వెనక వీధిలో మాది పిండి రుబ్బే గ్రైండర్ల అంగడి. బోర్డు మీద 'కోదండరామన్ అండ్ సన్స్' అని ఉంటుంది. కోదండరామన్ మా తాత. సన్స్ అంటే ఒకప్పుడు మా నాయన సుబ్బరాయన్, ఇప్పుడు మా తమ్ముడు గోకులకృష్ణన్ కూడా. బీకాంలో నాకు వచ్చిన మార్కుల్లో సగం కూడా వాడికి రాలేదు. అయినా గల్లా పక్కన కుర్చీ వాడికే పడింది. నాకు ఆరేళ్ల కిందట పెళ్లి చేసి అదే ఊళ్లో ఇంకో మూలనున్న పీళమేడు పంపించారు. కోపమా అంటే కోపమే, దాచుకోవడం ఎందుకు? ఆ కోపంతోనే సైటు మొదలుపెట్టాను. వాళ్లు వీధిలో అమ్మితే నేను ఊళ్లన్నిటికీ అమ్మి చూపిస్తానని నా పట్టుదల.

సైటులో నేను గ్రైండర్ల గురించి రాస్తాను, తమిళంలో. ఏ మోడల్ మంచిది, ఏ రాయి త్వరగా అరుగుతుంది, ఎవరికి ఎన్ని లీటర్లది చాలు, ఇలాంటివి. ప్రతి మోడల్ కిందా ఆన్‌లైన్ అంగడి లింకు ఒకటి ఉంటుంది. చదివినవాళ్లు దాన్ని నొక్కి అక్కడ ఏదైనా కొంటే నాకు కొంచెం కమిషన్ వస్తుంది. ఆ రోజంతా వాళ్లు అక్కడ ఏది కొన్నా లెక్కే. గ్రైండర్ చూడడానికి వెళ్లి సబ్బులు కొన్నా అందులో నా వాటా నాకుంటుంది. అయితే ముందు మనుషులు సైటుకి రావాలి కదా! రావాలంటే గూగుల్‌లో వెతికినప్పుడు మన పేజీ పైన కనపడాలి. నాది రెండేళ్ల పాటు నాలుగో పేజీలో పడి ఉంది. నాలుగో పేజీ దాకా వెళ్లే మనిషిని నేనింతవరకు చూడలేదు.

జెబమలర్ లేకపోతే ఇప్పటికీ అక్కడే ఉండేదాన్ని. పెళ్లికి ముందు నేనూ తనూ ఒకే కాల్ సెంటర్‌లో పనిచేశాం. తను తర్వాత వెబ్‌సైట్లని పైకి తెచ్చే కంపెనీలో చేరింది. ఒక ఆదివారం చర్చి అయ్యాక మా ఇంటికొచ్చి, నా సైటు అంతా తిప్పి చూసి, మొహం మీదే చెప్పింది.

"ఇదంతా డబ్బా మీద అచ్చేసిందే కదుమే! మోటారు ఇంత, బరువు ఇంత. ఊరంతా రాసిండేదే నువ్వూ రాస్తే నిన్ను ఏంటికి మొదట పెట్టల్ల?"

"మరి ఏమి రాసేది?"

"జనాలు ఏమి అడగతారో చూడు. 'కోయంబత్తూరులో గ్రైండర్ తక్కువకి యాడ దొరుకుతాది' అని నెలకి వేలమంది వెతుకుతాండారు. దానికి సరిగ్గా జవాబు రాసినవాళ్లు ఒగరు కూడా లేరు. నువ్వు గ్రైండర్ అంగడిలో పుట్టిండావు. వేరే ఎవరికీ తెలియనిది నీకు ఏమి తెలుసునో అది రాయి."

నాకు ఏమి తెలుసు? కూర్చుని ఆలోచిస్తే చాలా తెలుసు. డ్రమ్ము అంచుని గోటితో మీటి రేకు మందం చెప్పగలను. రాయిని చేత్తో తిప్పి, చప్పుడు విని, సరిగ్గా కూర్చుందో లేదో చెప్పగలను. ఇలాంటివే నాలుగు సంగతులు రాశాను. ఊపులో ఉన్నాను కాబట్టి ఐదోది కూడా రాశాను.

ఆ ఐదోది మా ఇంటి బోణీ. పొద్దున మొదటి బేరాన్ని ఏ అంగడివాడూ వదులుకోడు. అది అందరికీ తెలిసిందే, పదో ఇరవయ్యో తగ్గిస్తారు. మా అంగడిలో మాత్రం మా తాత పెట్టిన కట్టు వేరు. మొదటి మనిషి ఉత్త చేతులతో మెట్టు దిగకూడదు. వాడు అడిగిన ధర అసలుకి తక్కువైనా సరే, ఇచ్చి పంపాల్సిందే. ఈ సంగతి బయట ఎవరికీ తెలియదు కాబట్టి ఇన్నేళ్లూ నడిచింది. మొదట వచ్చేది మామూలుగా ఏ బెల్టుకో వాషర్‌కో వచ్చిన ఆడమనిషి. ఐదు రూపాయలు తగ్గిస్తే నవ్వుకుంటూ పోతుంది.

నేను ఇలా రాశాను: 'ముందు కింది లింకులో ఆన్‌లైన్ ధర చూసుకోండి. తర్వాత టౌన్‌హాల్ వెనకున్న పాత అంగడికి, మూడు తరాల నాటిది, షట్టర్ తీసే వేళకి వెళ్లండి. మొదటి గిరాకీ మీరే అయితే అదే ధర అడగండి. కాదనరు.' అంగడి పేరు రాయలేదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆ వీధిలో మూడు తరాల గ్రైండర్ అంగడి ఒకటే ఉందని నాకు తెలియకనా? తెలుసు. రాసేటప్పుడు ఆ ఆలోచనని పక్కకి నెట్టాను. అంతే.

మూడు వారాల్లో నాలుగో పేజీ నుంచి రెండో పేజీకి వచ్చాను. ఆరో వారం మొదటి పేజీలో ఉన్నాను. తర్వాత ఒక రోజు అన్నిటికన్నా పైన, పెట్టె కట్టి మరీ నా ఐదో సంగతినే చూపించడం మొదలైంది. ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబుగా నా మాటలే వస్తున్నాయి. నెలకి పదకొండు వేల మంది చదువుతున్నారు. నా భర్త రఘురామన్ పంపుసెట్ల కంపెనీలో ఉద్యోగి, ఉబ్బి తబ్బిబ్బయ్యే మనిషి కాదు. ఆయన కూడా ఆ రోజు మైసూర్‌పాక్ తెచ్చాడు. ఈసారి నాయనకి చూపించాలి అనుకున్నాను. చూపించి, ఇది వ్యాపారమా కాదా అని అడగాలి అనుకున్నాను.

ఒక గురువారం పొద్దున అంగడికి వెళ్లాను. సొంతంగా తీసిన ఫొటోలుంటే పేజీ ఇంకా గట్టిగా నిలబడుతుందని జెబమలర్ చెప్పింది. రాళ్ల ఫొటోలు తీసుకుందామని వెళ్లాను. షట్టర్ ఇంకా తీయలేదు. మెట్ల మీద ముగ్గురు మగవాళ్లు నిలబడి, ఎవరు ముందు వచ్చారని గట్టిగా అరుచుకుంటున్నారు. ఒకాయన మేట్టుపాళయం నుంచి మొదటి బస్సుకి వచ్చాడట. చివరికి ఆయనే గెలిచాడు. నాయన షట్టర్ ఎత్తి, దీపం వెలిగించి, నమస్కారం పెట్టుకోగానే మేట్టుపాళయం ఆయన ఫోన్ చాపి ధర చూపించాడు. ఆ ఫోన్‌లో ఉన్నది నా పేజీ. నేను రాత్రి పగలు కూర్చుని రంగులు దిద్దుకున్న నా పేజీ.

నాయన ధర చూశాడు. తర్వాత తమ్ముడితో, "డబ్బా కట్టు" అన్నాడు.

గిరాకీ వెళ్లాక తమ్ముడు గోకుల్ నా మీద విరుచుకుపడ్డాడు. నేను చేశానని తెలిసి కాదు, ఎవరిమీదో ఒకరిమీద అరవాలి కాబట్టి. "రెండు నెలలుగా దినమూ ఇదే అక్కా! పొద్దున్నే ఒగ గ్రైండర్, కొన్న ధరకి తక్కువ. చిన్న అంగడి మనది. ఇట్లే పోతే దీపావళికి షట్టర్ దించాల్సిందే. నాయన వినడు."

"ఎట్ల వినేది? ఆ కట్టు నేను పెట్టిండేది కాదు, నేను తీసేదానికి," అన్నాడు నాయన. తర్వాత నా వైపు తిరిగి, గొంతు తగ్గించాడు. "ఎవడో మన ఇంటి గుట్టు ఊరికి చెప్పినాడు కణ్ణూ. బయటివాడికి తెలిసేదానికి లేదు. కరుప్పుసామినే అయ్యుంటాది. రావద్దని చెప్పేసినాను."

కరుప్పుసామి మా అంగడిలో ముప్ఫై ఏళ్లుగా రాళ్లకి గంట్లు కొట్టే మనిషి. నన్ను చిన్నప్పుడు భుజం మీద ఎక్కించుకుని తేరు చూపించిన మనిషి. ఆయనకి ఫోన్‌లో పేరు వెతుక్కోవడం కూడా రాదు. అప్పుడే చెప్పాల్సింది. ఫొటోలు కూడా తీయకుండా ఇంటికొచ్చేశాను.

వచ్చి మొదట చేసిన పని, ఆ ఐదో సంగతి తీసేయడం. నా పేజీ వారంలో జారి రెండో పేజీకి పోయింది. పోతే పోయింది అనుకున్నాను. కానీ గూగుల్ పెట్టెలో నా మాటలు పోలేదు. ఇంకో సైటువాడు నా వాక్యాలు యథాతథంగా ఎత్తుకుని తన పేజీలో పెట్టుకుని ఉన్నాడు, ఇప్పుడు అతనిది పైకొచ్చింది. వీడియోలు కూడా వచ్చేశాయి. ఒకడైతే మా మెట్ల మీదే నిలబడి, వెనక మా బోర్డు కనపడేటట్టు, నవ్వుతూ చెబుతున్నాడు. జెబమలర్‌కి ఫోన్ చేసి ఏడ్చాను.

"పైకి ఎక్కించేది నేర్పించినాను. దించేది నాకూ తెలియదుమే," అంది తను. "పోయి మీ నాయనకి చెప్పు. ఆ పెద్దాయన పాపం ఏమి చేసినాడు?"

మర్నాడు మధ్యాహ్నం, గిరాకీ లేని వేళ చూసుకుని వెళ్లాను. నాయన, గోకుల్ ఇద్దరే ఉన్నారు. నిలబడే చెప్పేశాను. ఆ ఫోన్‌లో చూసింది నా సైటేనని, రాసింది నేనేనని, కరుప్పుసామికి ఏ పాపమూ తెలియదని. తీసేశాను కానీ ఇక అది నా చేతిలో లేదని కూడా చెప్పాను.

గోకుల్ లేచి నిలబడ్డాడు. "ఇంటి గుట్టు లంకకు చేటు అని దీనికే చెప్పినారు," అని లోపల గోడౌన్‌లోకి వెళ్లిపోయాడు.

నాయన గల్లా మీది గుడ్డని మడత పెట్టాడు. "ఎంత మంది చదివినారు?" అన్నాడు.

"నెలకి పదకొండు వేలు నాయనా."

"పదకొండు వేలా!" ఆయన కళ్లు ఒక్కసారి పైకి లేచాయి. అందులో ఉన్నది మెచ్చుకోలు అనే ఇప్పటికీ నా నమ్మకం. "మీ తాత కాలం నుంచి లెక్క పెట్టినా ఈ మెట్లు అంత మంది ఎక్కివుండరు." తర్వాత మొహం మామూలైపోయింది. "కరుప్పుసామి ఇంటికి ఇప్పుడే పో. నువ్వే పోయి చెప్పు. నేను రేపు పోతాను."

"ఆ కట్టు తీసెయ్ నాయనా. నీకు దండం పెడతాను."

"నీ సైటు కోసరం పెట్టిండేది కాదు, నీ సైటు కోసరం తీసేది కాదు."

"అయితే మనమే ఎవరమో ఒగరం పొద్దున్నే పది రూపాయలు పెట్టి వాషర్ కొనేస్తే? వాళ్లు రెండో గిరాకీ అయిపోతారు కదా?"

లోపల్నుంచి గోకుల్ అరిచాడు. "నేను చేసి చూసినాను! గల్లాలో వేసింది తీసి పారేసినాడు. ఇంటి చెయ్యి బోణీకి చెల్లదంట. అమ్మ ఇచ్చినా చెల్లదంట."

నాయన తల ఊపాడు.

కరుప్పుసామి ఇంటికి వెళ్లి ఆయన కాళ్ల దగ్గర కూర్చున్నాను. "పోనీ పాపా, నువ్వు తెలిసి చేసివుండవు," అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ రాత్రి నాకు ఒకటే ఆలోచన. ఇంట్లోవాళ్లది చెల్లదు, బయటివాళ్లని రోజూ పిలిపించలేం. తెలిసినవాళ్లని డబ్బిచ్చి నిలబెడితే అదీ ఇంటి డబ్బే అవుతుంది, ఆయన కనిపెట్టేస్తాడు. తెల్లారేసరికి ఏమైతే అయిందని నేనే బయల్దేరాను. తిడితే పడదాం, గల్లాలోంచి తీసి నా మొహాన కొడితే కొట్టించుకుందాం. చేసింది నేనే కదా.

మొదటి బస్సు పట్టుకుని వెళ్లినా మెట్ల మీద అప్పటికే ఒకాయన ఉన్నాడు, పళని నుంచి. ఆయనకి కాఫీ తాగి రమ్మని చెప్పాను, చోటు నేను చూస్తానన్నాను. వెళ్లాడు పాపం. షట్టర్ లేచింది. దీపం వెలిగింది. నాయన గల్లా దగ్గర కూర్చుని తలెత్తితే ఎదురుగా నేనున్నాను. పళని ఆయన పరుగెత్తుకుంటూ వచ్చి నా వెనక నిలబడ్డాడు.

పది రూపాయల నోటు ముందుకి చాపాను. "వాషర్ ఒగటి," అన్నాను. గోకుల్ చూస్తున్నాడు. నాయన నా చెయ్యి వెనక్కి నెట్టేస్తాడనే నేను ఎదురుచూశాను. నిజం చెప్పాలంటే, నెట్టేయాలనే లోపల ఎక్కడో ఉంది.

నాయన నోటుని చూశాడు. నన్ను చూశాడు. నా మెడలోని తాళిని చూశాడు. ఆయన పెదవులు ఏదో లెక్క కడుతున్నట్టు ఒకసారి కదిలాయి.

"రాండమ్మా," అన్నాడు. "ఏ సైజు కావాలండి?"

చెప్పాను. డబ్బాలోంచి వాషర్ తీసి కాగితంలో చుట్టి ఇచ్చాడు. నోటు రెండు కళ్లకీ అద్దుకుని గల్లాలో వేశాడు. పళని ఆయన ఫోన్ చాపితే, "ఆ ధరకి కుదరదు సార్, బోణీ అయిపోయింది," అని నిమ్మళంగా చెప్పాడు. గోకుల్ నవ్వేశాడు, రెండు నెలల తర్వాత మొదటిసారి.

ఇప్పుడు రోజూ వెళుతున్నాను. అంగడి నిలబడింది, కరుప్పుసామి మళ్లీ రాళ్ల దగ్గర కూర్చుంటున్నాడు. నాయన రోజూ అలాగే "రాండమ్మా" అంటాడు, నా పది రూపాయలు రోజూ కళ్లకి అద్దుకుంటాడు. మొదటి రోజు మాత్రం వాషర్ గుప్పిట్లో పట్టుకుని బస్సులో వెక్కి వెక్కి ఏడ్చాను. పెళ్లినాడు అందరూ నువ్విక వేరే ఇంటిదానివి అంటే నేను నమ్మలేదు. నా నోటు చెల్లింది.