ఎడమ అంచున గుట్ట

ఉప్పు డబ్బా దగ్గర మొదలైంది ఆ రోజు గొడవ.

"పొయ్యి మీద కూర ఉడుకుతుంటే ఉప్పెక్కడికి పోయింది? కాళ్లొచ్చి నడిచిందా?" అంది అత్తగారు.

"దానికి కాళ్లు రాలేదత్తయ్యా, మీ అబ్బాయి చేతులొచ్చాయి. పరీక్ష చేస్తున్నారట," అంది కోడలు.

"ముప్పై ఏళ్లుగా నాలుకతో నేను చేస్తున్నది చాల్లేదా వాడికి? ఓ చెంచాడు తీసుకుని డబ్బా ఇచ్చెయ్యమను."

"చెంచాడు చాలదమ్మా, అరకిలో కావాలి," ముందుగదిలోంచి కొడుకు అరిచాడు.

"అయితే మీరూ మీ ఉప్పూ ఊరేగండి. నేను స్నేహితురాలింటికి పోతున్నా." స్వెటర్ తగిలించుకుని విసురుగా వెళ్లిపోయింది ఆవిడ. ఇంత చిన్నదానికి అంత కోపమేమిటా అనుకుంది కోడలు.

కొడుకు కాలేజీలో ఫిజిక్స్ ల్యాబు చూసుకుంటాడు. ఇంట్లో వస్తువుల నుంచి గామా రేడియేషన్ ఎంత వస్తుందో పిల్లల చేత కొలిపించాలని, ముందు తాను సరిచూసుకోవడానికి సింటిలేషన్ డిటెక్టర్ ఇంటికి తెచ్చాడు. లావుపాటి టార్చిలైటులా ఉంటుందది. గామా కిరణం తగిలినప్పుడల్లా లోపలి స్ఫటికం మినుక్కుమంటుంది. ఆ మినుకుల్ని లెక్కపెట్టి, ఏ శక్తివి ఎన్ని వచ్చాయో కంప్యూటర్ తెర మీద గుట్టలుగా గీస్తుంది. అత్తగారు బీపీ కోసం వాడే ఉప్పులో పొటాషియం ఉంటుంది, అదీ కొద్దిగా గామా కిరణాలు వదులుతుంది. దాని గుట్ట తెరకు బాగా కుడివైపు లేవాలి.

అంకెలు పుస్తకంలో రాసే పని కోడలిది. డిగ్రీలో ఆమెదీ సైన్సే. పైగా ఒక వరుస వదిలేసి, తరవాత ఊహించి రాసే అలవాటు ఆయనకుంది గానీ ఆమెకు లేదు. ఏమీ పెట్టకపోతే సెకనుకు నూట ఎనభై మినుకులు. గ్రానైట్ పలక రెండువందల ముప్పై. ఉప్పు నూట తొంభై ఆరు. అరటిపండులో పొటాషియం ఉందో లేదో దానికే తెలియాలి.

మధ్యాహ్నం రెండింటికి ఉప్పును మరోసారి కొలుస్తుండగా వీధి తలుపు చప్పుడైంది. అంకె వెయ్యి దాటింది. నాలుగు వేలు. పన్నెండు వేలు. తెర ఎడమ అంచున నిట్టనిలువుగా ఓ గుట్ట లేచింది.

"ఛ! కేబుల్ వదులైంది. ఆ అంచున లేచేదంతా చెత్త సిగ్నలే," అన్నాడతను.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టు!" అంది గుమ్మంలోంచి అత్తగారు. వంటింట్లోకి వెళ్లి నిలబడే రెండు గ్లాసుల నీళ్లు తాగింది.

అతను కేబుల్ పీకాడు, మళ్లీ బిగించాడు. గుట్ట చెక్కుచెదరలేదు. "రేపే కంపెనీకి వెనక్కి పంపేస్తా. ఈ ఏడు పిల్లలకి ప్రయోగం లేదు," అంటూ ఉత్తరం రాసుకోవడానికి మేడ మీదికి వెళ్లాడు.

కోడలు అంకెను చూస్తూ కూర్చుంది. అత్తగారు బాల్కనీలోకి వెళితే రెండు వేలు. వంటింట్లోకి వస్తే తొమ్మిది వేలు. గదిలో అడుగుపెడితే మళ్లీ పన్నెండు. కేబుల్ ఎవరూ ముట్టుకోలేదు. గుట్ట ఎత్తు మారుతోంది గానీ చోటు మారడం లేదు, దాని కింద శక్తి అంకె ఎప్పుడూ నూట నలభయ్యే. ఏ శక్తి ఏ పదార్థానిదో రాసి పుస్తకం అట్ట లోపల అతను అంటించిన పట్టీ చూసింది. నూట నలభై ఎదురుగా 'టెక్నీషియం, ఎముకల స్కాన్‌కి ఆసుపత్రిలో ఇచ్చే ఇంజెక్షన్' అని ఉంది.

ఆమె లేచి అత్తగారి మంచం దగ్గరికి వెళ్లింది.

"స్వెటర్ చెయ్యి పైకి తియ్యండత్తయ్యా."

మోచేతి మడతలో దూది, దాని మీద ప్లాస్టర్.

"ఎముకల స్కానా?"

"నీ టార్చిలైటు అది కూడా చెప్పేసిందా?" నవ్వబోయింది ఆవిడ. నవ్వు నిలవలేదు. "ఆ గడ్డ తీయించి నాలుగేళ్లయింది కదమ్మా. రెండు నెలల్నుంచి నడుంనొప్పి. ఎముకల్లోకి పాకిందేమో చూద్దామన్నారు. రిపోర్టు రేపు."

"ఒక్కరే వెళ్లారా?"

"లేదు, ఉప్పు మీద అలక తోడొచ్చింది." ఆవిడ గొంతు తగ్గించింది. "అప్పుడు వాడు నా మంచం పక్కన కూర్చుని నాకంటే ముందు సగమైపోయాడు. ఏమీ లేదంటే నవ్వుతూ చెబుదామనుకున్నా. నువ్వు చెప్పకు. ఒట్టెయ్యి."

కోడలు ఒట్టు వెయ్యలేదు. చెబితే ఈవిడ నమ్మకం పోతుంది. చెప్పకపోతే రేపు ఆ కాగితం ఈవిడ ఒంటరిగా విప్పుకుంటుంది.

"నేనై నేను చెప్పను. కానీ పుస్తకంలో పన్నెండు వేలనే రాశాను. కేబుల్ తప్పని రాయలేదు. అడిగితే అబద్ధమాడను."

అత్తగారు గోడవైపు తిరిగి పడుకుంది.

రాత్రి భోజనాల దగ్గర అతను పుస్తకం తెరిచాడు. "అన్నీ రాశావు, కారణం దగ్గర ఖాళీ వదిలేశావేం? ఉత్తరంలో పెట్టాలి."

కోడలు కంచంలో అన్నాన్ని అటూ ఇటూ జరిపింది.

"కారణం నేనురా," అంది అత్తగారు, స్వెటర్ చెయ్యి పైకి లాగి.

అతను ప్లాస్టర్ వంక చూశాడు, తరవాత పుస్తకం వంక. "నూట నలభై..." అని గొణిగాడు. "అమ్మా, మళ్లీనా?"

"తెలీదు. ఏడుపు మొదలెట్టావంటే చెప్పడం ఆపేస్తా. మిషన్ని ఎక్కడికీ పంపకు, బంగారంలా పని చేస్తోంది." ఆవిడ నీళ్లు తాగి గ్లాసు కింద పెట్టింది. "రేపు పదింటికి రిపోర్టు. ముగ్గురం వెళ్తున్నాం. కవరు అమ్మాయే విప్పి చదువుతుంది. తనైతే ఒక్క వరుస కూడా వదలదు."